తోడికోడళ్ళ సరిహద్దు

సరిహద్దు కమిషన్ వాళ్ళు ఓల్షన్కా ఊరికి వస్తున్నారన్న కబురు విని ఊరంతా భయపడింది. ఉలీతా ఒక్కతే సంతోషించింది.

భయపడడానికి కారణం లేకపోలేదు. ఎనిమిదేళ్ళలో ఆ ఊరు ఆరు ప్రభుత్వాలను చూసింది. ఏ ప్రభుత్వం జెండా ఏ రంగో ఎవరికీ సరిగా గుర్తులేదు గానీ, ఏది ఏం పట్టుకుపోయిందో మాత్రం అందరికీ కంఠతా వచ్చు. జారు మనుషులు గుర్రాలను తోలుకుపోయారు. జర్మన్లు చర్చి గంట దించుకుపోతూ, పనిలో పనిగా ఉలీతా సారా కాచుకునే రాగి గొట్టాన్ని కూడా ఊడబీక్కుపోయారు. ఎర్రవాళ్ళు ఆవులను పట్టుకెళ్ళి చీటీ రాసిచ్చారు. పోలెండు వాళ్ళు చీటీ కూడా ఇవ్వకుండా పందులను పట్టుకెళ్ళారు. ఎర్రవాళ్ళు మళ్ళీ వచ్చి, అంతా కలియజూసి, మీ దగ్గర ఇంకేమీ లేదా అని నొచ్చుకున్నారు. ఆ తర్వాత మళ్ళీ పోలెండు వాళ్ళొచ్చి, ఇక మేం పోం అన్నారు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక ఊరి పెద్ద ఖారితోన్ చర్చి మెట్ల మీద నిలబడి విషయం చెప్పాడు.

"సముద్రం ఒడ్డున రీగా అని ఏదో పట్నం ఉందట. పెద్దవాళ్ళు అక్కడ కూర్చుని సంధి చేసుకున్నారు. పటం మీద పెన్సిల్‌తో గీత గీశారు. ఆ పెన్సిల్ కాస్త మొద్దుదిట. గీత కింద మన ఊరు పడింది."

"ఊరంతానా?" అన్నారెవరో.

"ఊరు, బురద నేల, నువ్వు, నేను, అంతా. ఆ గీత లావులో అసలు సరిహద్దు ఎక్కడో తేల్చడానికి ఇద్దరు దొరలు వస్తున్నారు. పోలెండు దొర ఒకడు, ఎర్ర దొర ఒకడు."

"ఎర్రవాళ్ళలో దొరలుండరన్నారుగా?"

"ఉండరు. ఆ లేని దొరకే కోడిని కోసిపెట్టాలి. చూసుకోండి."

జనం గొణుక్కుంటూ ఇళ్ళకు పోయారు. ఉలీతా మాత్రం చకచకా నడిచింది. ఆమె బుర్రలో ఒకటే ఆలోచన: దేవుడు కళ్ళు తెరిచాడు, మొత్రునాను వేరే దేశానికి పంపే అవకాశం ఇచ్చాడు.

మొత్రునా ఆమె తోడికోడలు. ఉలీతా భర్త జర్మన్ యుద్ధంలో పోయాడు. ఆయన అన్న ఓనిస్కో భార్యే ఈ మొత్రునా. ఇద్దరి ఇళ్ళూ పక్కపక్కనే, మధ్యలో ఓ మురుగు కాలవ. పన్నెండేళ్ళ క్రితం అత్తగారు పోయినప్పుడు ఉలీతా చావింటి ఆనవాయితీ ప్రకారం గోధుమలూ తేనే వేసి పాయసం వండింది. మొత్రునా ఓ చెంచా నోట్లో పెట్టుకుని, పాదిరిగారి ముందే, "అత్తయ్య అదృష్టవంతురాలు, ఇది తినకుండానే పోయింది" అంది. ఆ సాయంత్రమే అత్తగారి ఓకు చెక్క పీపా, ఊరంతటికీ క్యాబేజీ ఊరబెట్టగలిగినంత పెద్దది, కాలవ దాటి మొత్రునా కొట్లో తేలింది. అంతే, మాటలు బందయ్యాయి.

మాటలు బందయ్యాయంటే తిట్లు ఆగిపోయాయని కాదు. ఎవరి కోళ్ళతో వాళ్ళు మాట్లాడుకునేవారు, కాలవకు రెండు పక్కలా నిలబడి, బాగా గట్టిగా.

"ఏమే పొట్టి పెట్టా, పీపాలెత్తుకుపోయిన చేత్తో నూకలు చల్లితే తింటావుటే? సిగ్గులేదూ నీకు?" అనేది ఉలీతా.

"పుంజుబాబూ, పాయసం వండడం చేతకానోళ్ళ మాటలు నీకెందుకు నాన్నా, నువ్వు నూకలు తిను" అనేది మొత్రునా.

ఓనిస్కో ఈ గొడవలో ఎన్నడూ వేలు పెట్టలేదు. ఆయన రోజుకు ఏడెనిమిది మాటలకు మించి మాట్లాడే మనిషి కాదు. వాటిలో సగం గొడ్డుతో.

జూన్ నెలలో కమిషన్ దిగింది. కొలిచే గొలుసులు, మూడు కాళ్ళ దుర్భిణులు, పటాల గొట్టాలు, ఇరవైమంది సిపాయిలు. పోలెండు దొర పేరు వొలోవిచ్. సన్నగా, పొడుగ్గా, మూడు వందల ఏళ్ళ కింద చచ్చిపోయినవాళ్ళ గురించి నిన్న కలిసినట్టు మాట్లాడే మనిషి. ఎర్రవాళ్ళ ప్రతినిధి పేరు షెస్తకోవ్. అంత ఎండలోనూ తోలు కోటు విప్పేవాడు కాదు. విప్పితే లోపల చొక్కా లేదని సిపాయిలు అనుకునేవారు.

ఊళ్ళో చెక్క నేల ఉన్న ఇళ్ళు రెండే. వొలోవిచ్ ఉలీతా ఇంట్లో దిగాడు, షెస్తకోవ్ మొత్రునా ఇంట్లో దిగాడు. ఇద్దరూ ఒకరింటికి ఒకరు రామన్నారు. అందుకని బల్లను తెచ్చి కాలవ మీద వేశారు, రెండు కాళ్ళు ఇటు, రెండు కాళ్ళు అటు. రోజూ పొద్దున్నే దాని మీద పటం పరిచి అరుచుకునేవారు. గట్టి నేల కనబడితే అది మాదంటే మాదనేవారు. బురద కనబడితే అది న్యాయంగా మీదేనని ఒకరికొకరు మర్యాదగా ఒప్పజెప్పుకునేవారు. పది రోజుల్లో సరిహద్దు అర మైలు కూడా సాగలేదు.

ఉలీతా ఆ పది రోజులూ వొలోవిచ్‌కి బంగాళాదుంప అట్లు ఎక్కడో అరువు తెచ్చిన మీగడతో పెట్టింది, పుల్లటి రై గింజల పిండి చారు పోసింది, గొట్టం లేకపోయినా ఎలాగో కాచిన సారా పోసింది. పదకొండో రోజు అసలు సంగతి ఎత్తింది.

"దొరగారూ, ఊరికే చెమటోడుస్తున్నారు. హద్దు ఎప్పుడో ఉందిగా."

"ఎక్కడ?"

"అదిగో, ఆ కాలవే. పెద్దలు చెప్పేవారు. రాజుల కాలం నాటిదిట."

వొలోవిచ్ చేతిలో చెంచా ఆగిపోయింది. "ఏ రాజు?"

"పేరు మాకెలా తెలుస్తుంది దొరగారూ? మీసాలాయన."

వొలోవిచ్ ఒక పేరు చెప్పాడు. ఉలీతా ఆయనే అంది. ఆయన వేటకొచ్చేవాడా అని అడిగాడు. వచ్చేవాడంది. ఈ కాలవ దగ్గర గుర్రం దిగి, ఇక్కడిదాకా నా రాజ్యం అన్నాడా అని అడిగాడు. సరిగ్గా అదే మాట అన్నాడంది. వొలోవిచ్ కళ్ళు తుడుచుకుని నాలుగు పేజీలు రాసుకున్నాడు. నిజానికి ఆ కాలవ ఆమె మామగారు తవ్వించింది. పందులు బీటుదుంపల మళ్ళలో పడుతున్నాయని.

మర్నాడు పొద్దున ఉలీతా వాకిలి ఊడుస్తున్నట్టు నటిస్తూ చెవులు రిక్కించింది. వొలోవిచ్ గొంతు సవరించుకున్నాడు.

"చారిత్రక ఆధారాలను బట్టి ఈ కాలవను సరిహద్దుగా మేం ప్రతిపాదిస్తున్నాం."

షెస్తకోవ్ నోరు తెరిచి మూశాడు. "మేమూ అదే చెప్పబోతున్నాం. ఈ కాలవకు ఇటున్నది శ్రామిక కుటుంబం. అటున్నది సారా కాచి జనాన్ని పీల్చుకుతినే డబ్బున్న మనిషి. వర్గాల మధ్య గీత ఇక్కడ భూమి మీదే గీసి ఉంది."

ఉలీతా చీపురు జారిపోయింది. అటు పక్క గుమ్మంలో మొత్రునా చేతులు కట్టుకుని నిలబడి ఆకాశం చూస్తోంది. అంటే అది కూడా పది రోజులుగా తోలు కోటు వాడికి వండిపెడుతూ ఇదే పని చేసిందన్నమాట! తనను పీల్చుకుతినే మనిషందా? ఉన్న ఒక్క ఆవునూ ఎర్రవాళ్ళే తోలుకుపోతే ఎవర్ని పీల్చేది?

దొరలిద్దరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. అవతలివాడు ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే ఇందులో ఏదో మోసం ఉందని ఇద్దరికీ తోచింది. ఆ రోజు సంతకం చెయ్యలేదు. ఇద్దరూ విడివిడిగా ఆ కాలవ వెంట మూడుసార్లు నడిచారు. కర్రతో నీళ్ళలో పొడిచి చూశారు. షెస్తకోవ్ ఓ సీసాలో మురుగు పట్టి ఎండకెత్తి చూశాడు. ఏ మోసమూ దొరకలేదు. మూడో రోజు సంతకాలు చేసి, చేతులు కలుపుకుని, ఉలీతా సారాయే తాగారు.

సంతకాలయ్యాక ఇళ్ళవాళ్ళ వివరాలు రాశారు. "నీ జాతి ఏమిటి?" అని వొలోవిచ్ అడిగాడు.

"ఇక్కడిదాన్ని దొరగారూ."

"అది ఊరు. జాతి?"

"ఇక్కడిజాతి."

ఆయన నిట్టూర్చి పోలిష్ అని రాసుకున్నాడు. అవతల మొత్రునా కూడా ఇక్కడిదాన్నే అంది. షెస్తకోవ్ బెలరూస్ అని రాసుకున్నాడు. ఒకే చర్చిలో బాప్తిస్మం తీసుకుని, ఒకే భాషలో తిట్టుకునేవాళ్ళు అలా రెండు జాతులైపోయారు.

అయితే కాలవ ఉలీతా దొడ్డితో ఆగదు కదా. అది వంకరపోతూ ఊరి మధ్యనించే పోతుంది. చర్చి, శ్మశానం ఇటు పడ్డాయి. పిండి మిల్లు, మంచి పచ్చిక అటు పడ్డాయి. ఖారితోన్ ఇల్లు ఇటు, పశువుల కొట్టం అటు.

"నీ పాయసం తగలెయ్య, ఉలీతా!" అన్నాడు ఖారితోన్ గుమ్మంలోకొచ్చి. "మీ ఇద్దరి గొడవకి నా మేక పరదేశీ అయిపోయిందే!"

"నన్నంటావేం? ఆవిడగారిని కూడా అను."

"ఎలా అనను? అక్కడికి వెళ్ళాలంటే మిన్స్క్ నించి కాగితం తెచ్చుకోవాలిట!"

శరత్కాలానికి స్తంభాలు పాతారు. ఇటు ఎరుపూ తెలుపూ చారలతో, పైన పోలెండు డేగ బొమ్మ ఉన్న రేకు. అటు కొడవలీ సుత్తీ ఉన్న రేకు. మధ్యలో ముళ్ళ తీగ. ఇటు పక్క కాపలాకు గబ్రిష్ అనే నడివయసు సిపాయిని పెట్టారు. క్రాకోవ్ వైపు మనిషి. ఆ చిత్తడి నేలలో కీళ్ళ నొప్పులతో మూలుగుతూ తిరిగేవాడు. అవతలివాళ్ళతో మాట్లాడడం నేరమని మొదటి రోజే చెప్పాడు.

"కోళ్ళతో మాట్లాడొచ్చా?" అని అడిగింది ఉలీతా.

గబ్రిష్ నిబంధనల పుస్తకం తిరగేశాడు. కోళ్ళ ఊసు లేదు. "ఇటువైపు కోళ్ళతో మాట్లాడుకో" అన్నాడు.

మొదటి నెల ఉలీతా పండగ చేసుకుంది. తెల్లారి లేస్తూనే స్తంభం వైపు చూసి ముసిముసిగా నవ్వుకునేది. కోళ్ళకు నూకలు చల్లుతూ మనసులో ఉన్నదంతా కక్కేది. కానీ అటునించి బదులు లేదు. అవతలి కాపలావాళ్ళు మొత్రునాను కాలవకు ఇరవై అడుగుల దగ్గరికి కూడా రానివ్వడం లేదని, కోళ్ళను కొట్టంలో పెట్టించారని గబ్రిష్ చెప్పాడు. చలికాలమంతా అవతలి పొగగొట్టం పొగ తప్ప ఏమీ కనబడలేదు. పొగ ఆలస్యంగా లేచిన రోజు ఉలీతా నాలుగైదుసార్లు వాకిట్లోకి వచ్చేది. ఎందుకని గబ్రిష్ అడిగితే, "నా వాకిలి, నా ఇష్టం" అనేది.

ఈస్టర్ వచ్చింది. ఈస్టర్ వెళ్ళిన తొమ్మిదో రోజు పోయినవాళ్ళ పండగ. ఊరివాళ్ళంతా ఎర్ర రంగు వేసిన గుడ్లు పట్టుకుని శ్మశానానికి పోయి, తమవాళ్ళ సమాధుల మీద దొర్లించి, అక్కడే కూర్చుని తిని వస్తారు. ఉలీతా గంప నెత్తిన పెట్టుకుని బయటికొచ్చేసరికి కాలవకు అటుపక్క మొత్రునా నిలబడి ఉంది. పండగ రుమాలు కట్టుకుంది. కొంగులో ఏదో పట్టుకుంది. అవతలి కాపలావాడు అరుస్తున్నా కదలడం లేదు.

నాలుగేళ్ళ కింద విషజ్వరాల్లో మొత్రునా పిల్లలిద్దరూ వారం తేడాలో పోయారు. దార్కాకు తొమ్మిదేళ్ళు, సేవాకు ఆరు. ఇద్దరూ ఇటుపక్క శ్మశానంలో, నానమ్మ పక్కన ఉన్నారు. కాలవ గురించి దొరకు చెప్పేటప్పుడు ఈ సంగతి ఉలీతాకు తట్టలేదు. ఇప్పుడు తట్టింది. నెత్తి మీది గంప ఒక్కసారిగా బరువెక్కింది.

"గంటసేపు రానివ్వవయ్యా" అంది గబ్రిష్‌తో. "సమాధులు చూసుకుని పోతుంది."

"నేనెలా రానిస్తానమ్మా? పోలెండు గణతంత్రం నా ఒక్కడి మీద నిలబడి ఉంది ఇక్కడ" అన్నాడు గబ్రిష్ దిగులుగా.

మొత్రునా కొంగులోంచి ఒక ఎర్ర గుడ్డు తీసి, చెయ్యి వెనక్కి తిప్పి, కాలవ మీదుగా విసిరింది. ఉలీతా గంప కింద పడేసి కొంగు పట్టింది. గుడ్డు కొంగులో పడింది. రెండోది విసురుతుండగా అవతలి కాపలావాడు మొత్రునా చెయ్యి పట్టుకు లాగాడు. ఆ గుడ్డు దారి తప్పి వెళ్ళి, స్తంభం మీది డేగ ముక్కుకు తగిలి పచ్చసొనతో సహా పగిలింది.

ఉలీతా ఆ గుడ్డును దార్కా సమాధి మీద దొర్లించింది. సేవా సమాధి మీద తన గుడ్డు ఒకటి దొర్లించి, "మీ అమ్మదే అనుకో నాన్నా, అది గురి తప్పింది" అంది. ఆ తర్వాత అక్కడే కూలబడి చాలాసేపు ఏడ్చింది.

గబ్రిష్‌కు రాయక తప్పలేదు, నివేదిక రాశాడు. సోవియట్ భూభాగం నించి ఉడకబెట్టిన గుడ్డు ఒకటితో రాజ్యచిహ్నం మీద దాడి జరిగినట్టు. ఆ కాగితం పై అధికారి చేతిలోకి పోయి, వార్సాకు పోయి, అక్కణ్ణించి నిరసన లేఖగా మాస్కోకు పోయింది. మాస్కో వాళ్ళు ఆ గుడ్డు పోలెండు కోడిదే కావచ్చని జవాబు రాశారు. మేలో విచారణకు వొలోవిచ్, షెస్తకోవ్ ఇద్దరూ మళ్ళీ దిగారు. మళ్ళీ కాలవ మీద బల్ల వేశారు. రెండు పక్కలా జనం పోగయ్యారు.

"గుడ్డు ఉద్దేశపూర్వకమా కాదా?" అని వొలోవిచ్ మొదలుపెట్టాడు.

అప్పుడు ఎవరూ అనుకోని పని జరిగింది. ఓనిస్కో టోపీ తీసి ముందుకొచ్చాడు.

"ఈ కాలవ నేను తవ్వాను" అన్నాడు.

"ఏమిటి?"

"మా నాన్నా నేనూ. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. పందులు బీటుదుంపలు తినేస్తున్నాయని తవ్వాం. మూడు రోజులు పట్టింది."

వొలోవిచ్ ముఖం పాలిపోయింది. మీసాల రాజు వేట గురించి ఆయన రాసిన నలభై పేజీల వ్యాసం వార్సాలో అచ్చుకు వెళ్ళింది. షెస్తకోవ్ ముఖం అంతకంటే పాలిపోయింది. వర్గాల మధ్య ప్రకృతి సిద్ధంగా ఏర్పడిన గీత అని ఆయన మిన్స్క్‌లో ఉపన్యాసమిచ్చి చప్పట్లు కొట్టించుకున్నాడు. ఇద్దరూ మొదటిసారి ఒకరినొకరు అన్నదమ్ముల్లా చూసుకున్నారు.

"ఈ సంగతి ఇంకెవరితోనైనా చెప్పావా పెద్దాయనా?" అన్నాడు షెస్తకోవ్ మెల్లగా.

"ఇంకా లేదు" అన్నాడు ఓనిస్కో. "మేం అటు పోతాం. ఇల్లు విప్పుకుని పోతాం. కాగితం ఇప్పించండి."

అంత పొడుగు మాట ఆయన నోట ఎవరూ ఎన్నడూ వినలేదు. మొత్రునా కూడా నోరు తెరుచుకుని చూసింది.

కాగితం పావుగంటలో తయారైంది. విడిపోయిన కమతాల వాళ్ళు సామాన్లతో అటూ ఇటూ మారవచ్చని ఎక్కడో ఓ నిబంధన ఉందట. ఇన్నాళ్ళూ దొరకనిది అప్పుడు టక్కున దొరికింది. ఒక్కటే మెలిక: ఇటుపక్క ఎవరైనా తమ స్థలంలో ఉండనిస్తామని ఒప్పుకోవాలి. అందరూ ఉలీతా వైపు తిరిగారు. చోటున్న దొడ్డి ఆమెదొక్కటే.

"ఆవిడ దయ నాకేం అక్కర్లేదు" అంది మొత్రునా, షెస్తకోవ్‌తో.

"నాకు కావాలి" అన్నాడు ఓనిస్కో.

ఉలీతా కొంగుతో చేతులు తుడుచుకుంది. "దొరగారూ, వాళ్ళతోపాటు అత్తగారి పీపా కూడా వస్తుందా? కాగితంలో రాయండి."

వొలోవిచ్ రాశాడు: ఓకు పీపా, ఒకటి. ఉలీతా దాని కింద శిలువ గుర్తు పెట్టింది.

ఇల్లు విప్పడానికి మూడు వారాలు పట్టింది. దుంగ దుంగకూ బొగ్గుతో అంకె వేసి, అవతలి కాపలావాడు ఒకసారి, గబ్రిష్ ఒకసారి లెక్కపెట్టాక ఇటు దాటించారు. గబ్రిష్ రెండుసార్లు లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. ఆఖరి రోజు మొత్రునా పీపా దొర్లించుకుంటూ ముళ్ళ తీగ సందులోంచి వచ్చి, ఉలీతా గుమ్మం ముందు ఆగింది. పదమూడేళ్ళ తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. కోళ్ళేవీ దగ్గర్లో లేవు.

"కాళ్ళు తుడుచుకురా అక్కా" అంది ఉలీతా.

"ఏ దేశం బురద తుడవమంటావు? ఎడం కాలికి ఒకటి, కుడి కాలికి ఒకటి ఉంది."

"రెండూ తుడువు. రెండూ కంపే."

మొత్రునా తుడుచుకుంది. లోపలికొచ్చి, పొయ్యి మీద చారు ఉడుకుతుంటే మూత తీసి వాసన చూసి, అడక్కుండానే గుప్పెడు సోపాకు తుంచి వేసింది. ఉలీతాకు ఒళ్ళు మండింది గానీ నోరు నొక్కుకుంది. కాసేపయ్యాక, "పిల్లల మీద దొర్లించావా?" అని అడిగింది మొత్రునా, కుండలోకే చూస్తూ.

"దొర్లించాను. సేవాకు నాది ఇచ్చాను."

మొత్రునా తలూపింది. ఆ మాట మళ్ళీ ఇద్దరూ ఎత్తలేదు.

వర్షాలు ముందే వచ్చేయడంతో ఇల్లు మళ్ళీ నిలబెట్టేసరికి మరుసటి వసంతం అయింది. చలికాలమంతా ముగ్గురూ ఒకే గదిలో ఉన్నారు. పెద్ద ఇటుక పొయ్యి మీద పడుకునే వెచ్చని చోటు ఎవరిదని గొడవ, క్యాబేజీలో ఎంత జీలకర్ర వెయ్యాలని గొడవ, మొత్రునా గురకకు గొడవ. క్రిస్మస్ నాటికి ఖారితోన్ ఆ ఇంటికి రావడం మానేశాడు. ఇద్దరూ కలిసి తన మీద పడుతున్నారని.

వసంతంలో ఓనిస్కో దుంగల అంకెలు చూసుకుంటూ గోడలు పేర్చాడు. కిటికీ ఎటు పెట్టాలని మొదటిసారి ఉలీతానే నేరుగా అడిగాడు.

"ఎటైనా పెట్టుకోండి బావగారూ, నా ఇంటి వైపు మాత్రం వద్దు. పొద్దున్నే ఆవిడ ముఖం నేను చూడలేను" అంది ఉలీతా.

ఓనిస్కో గొడ్డలి అందుకున్నాడు. సాయంత్రం ఉలీతా నీళ్ళు తేవడానికి బయటికొచ్చేసరికి కిటికీ ఉండనే ఉంది, సరిగ్గా తన వాకిలికి ఎదురుగా. లోపల మొత్రునా తెర కడుతోంది. తెర వంకరగా కడుతోంది కూడాను.

"ఎడంవైపు ఇంకాస్త పైకి లాగు!" అని అరిచింది ఉలీతా బిందె కింద పెట్టి. "చెప్తే వినిపించుకోవేం? పైకి, పైకి!"